రక్షణకి రాసుకున్న కాగితం

‘రక్షణ’ అనే మాట మగవాళ్లకంటే ఆడవాళ్ల చెవిన ఎక్కువసార్లు పడుతుంది. చిన్నతనంలో తండ్రి, వయసులో భర్త, ముసలితనంలో కొడుకు కాపాడతారు కాబట్టి ఆడదానికి స్వాతంత్ర్యంతో పనిలేదని మనువు పేరు మీద తరతరాలుగా వింటూనే ఉన్నాం. ఆ ముగ్గురి నీడా లేనివాళ్లు, ఉన్నా వద్దనుకున్నవాళ్లు ఏం చేయాలో ఆ శాస్త్రంలో లేదు. అమెరికాలో మాత్రం ఆ ఖాళీ జాగాలోకి నాలుగో రక్షకుడు ఒకడు వచ్చి నిలబడ్డాడు. అతనికి ముఖం లేదు, ఫోనులో గొంతు మాత్రమే ఉంది. “మీ కారు వారంటీ అయిపోవస్తోంది, మీకు రక్షణ లేకుండా పోతుంది” అంటాడు.

స్త్రీల పత్రికలో కారు వారంటీ గురించి ఏముంటుంది రాయడానికి అని కొందరికి అనిపించవచ్చు. ఆస్తి గురించి, అప్పు గురించి, ఆడవాళ్ల కదలికల గురించి మనం చాలా రాసుకున్నాం. ఈ మూడూ ఒక్క చోట కలిసే వస్తువు ఒంటరి ఆడదాని కారు. కాబట్టి ఆ కారుకి రక్షణ ఎవరు అమ్ముతున్నారు, ఎంతకి అమ్ముతున్నారు, ఎవరు అమ్మకూడదని ప్రభుత్వం ఎందుకు ఆపుతోంది అనేవి కూడా మన ప్రశ్నలేనని నాకనిపిస్తోంది.

నేను 2005లో హెచ్‌4 వీసా మీద కాలిఫోర్నియా వచ్చాను. అప్పట్లో ఆ వీసా మీద ఉన్న భార్యలకి ఉద్యోగం చేసే హక్కు లేదు. 2015లో కొందరికి ఇచ్చారు గానీ అప్పటికి నాకు దాని అవసరం తీరిపోయింది. 2012లో గ్రీన్‌కార్డు వచ్చింది. 2018లో నేనూ నా భర్తా విడిపోయాం. అప్పు ఇచ్చేటప్పుడు ఆడా మగా అనీ, పెళ్లయిందా లేదా అనీ తేడా చూపకూడదని ఈ దేశంలో 1974లోనే చట్టం చేశారు. చట్టం నా పక్షానే ఉంది. కానీ పదమూడేళ్ల అప్పుల చరిత్ర అంతా అతని పేరు మీద ఉంది. నెలనెలా బిల్లులు కట్టింది నా చేతులే అయినా, నా పేరు మీద కనిపించేది ఒక బట్టల షాపు కార్డు మాత్రమే. నాలుగేళ్లు ఓపిక పట్టి, చిన్న చిన్న అప్పులు చేసి తీర్చి, 2022 ఆగస్టులో నా ఒక్కదాని సంతకంతో కారు కొన్నాను.

ఆ కారే నా ఉద్యోగం. నేను రెండు కమ్యూనిటీ కాలేజీల్లో స్టాటిస్టిక్స్ చెబుతాను. ఈ రాష్ట్రంలో పార్ట్‌టైం లెక్చరర్లకి ఒక జిల్లాలో పూర్తి పనిభారంలో 67 శాతానికి మించి ఇవ్వకూడదని నియమం. అందుకని బతకాలంటే రెండు మూడు జిల్లాల్లో చెప్పుకోవాలి. మాలాంటి వాళ్లకి ఇక్కడ ‘ఫ్రీవే ఫ్లయర్లు’ అని పేరు. పేరులో ఎగరడం ఉంది గానీ నిజానికి చేసేది ట్రాఫిక్‌లో పాకడమే. పొద్దున ఒక ఊళ్లో, సాయంత్రం ఆల్టమాంట్ కనుమ దాటి ఇంకో ఊళ్లో. పెరుగన్నం డబ్బా తెరిచేదీ, పరీక్ష పేపర్లు దిద్దేదీ, అమ్మతో ఫోను మాట్లాడేదీ కార్లోనే. వారానికి 400 మైళ్లు. రాత్రి తొమ్మిదిన్నరకి ఆ కొండల మధ్య, గాలిమరలు తప్ప మనిషి కనపడని చోట కారు ఆగిపోతే ఏమిటన్న ఆలోచన రాని రోజు లేదు. ఆ భయం నేను ఊహించుకున్నది కాదు. రాత్రి రోడ్డు మీద ఆడది ఒంటరిగా నిలబడటం ప్రమాదం అయ్యేట్టు ఈ లోకాన్ని ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాటు చేసినవాళ్లలోంచే ఒకడు వచ్చి, ఆ భయానికి మందు అమ్ముతాడు.

మా అమ్మ మిక్సీ గుర్తొస్తుంది. తెనాల్లో మా ఇంట్లో ఆ మిక్సీ వాడిన మనిషి అమ్మ ఒక్కతే. షాపువాడు ముద్ర వేసి ఇచ్చిన వారంటీ కార్డు మాత్రం నాన్న పేరు మీద, నాన్న బీరువాలో, నాన్న తాళం కింద ఉండేది. మిక్సీ కాలిపోతే నాన్నకి తీరిక దొరికేదాకా అమ్మ రోట్లో రుబ్బింది. కార్డు మీద తన పేరుంటే తనే తీసుకెళ్లి ఉండేదేమో. వస్తువు వాడేవాళ్ల చేతిలో దాని కాగితం లేకపోవడం ఎంత మామూలు సంగతో, దాని ఖరీదు ఎవరి రెక్కలు కట్టాయో అప్పుడు నాకు తెలియలేదు.

అసలు ఈ ‘ఎక్స్‌టెండెడ్ వారంటీ’ అన్న పేరే తప్పుదారి పట్టించే పేరు. 1975లో అమెరికా కాంగ్రెస్ చేసిన వారంటీ చట్టం ప్రకారం వారంటీ అంటే వస్తువు ధరలోనే కలిసి వచ్చే హామీ. దానికి వేరే డబ్బు అడగకూడదు. వేరే డబ్బు తీసుకుని, ఇన్నేళ్లు లేదా ఇన్ని మైళ్ల దాకా మరమ్మతులు మేం చేయిస్తాం అని రాసిచ్చేది సర్వీసు కాంట్రాక్టు, అంటే విడిగా ఒక ఒప్పందం. నా కారుకి కంపెనీ హామీ మూడేళ్లు లేదా 36,000 మైళ్లు, ఏది ముందైతే అది. ఇంజనుకీ గేర్ల పెట్టెకీ ఐదేళ్లు లేదా 60,000 మైళ్లు. ఎక్కువ తిరిగేవాళ్లకి ‘ఏళ్లు’ అన్న మాట వట్టిదే. మైళ్లే మన క్యాలెండరు. మూడేళ్ల హామీ నాకు రెండేళ్లయినా నిండకుండానే అయిపోతుందన్నమాట.

కారు కొన్న రోజున డీలరు దగ్గర కాగితాల గదిలో గంటన్నర కూచోబెట్టారు. ఎదురుగా ఉన్న యువకుడు మొదట అడిగింది “మీ వారు కూడా వస్తున్నారా?” అని. రావడం లేదని తెలిశాక అతని గొంతు మెత్తబడింది. రాత్రిపూట, ఒంటరిగా, పిల్లలు, ఎండ అంటూ వరసగా బొమ్మలు గీశాడు. నాకు పిల్లలు లేరు. అడగకుండానే పిల్లల్ని కూడా ఇచ్చాడు. చివరికి ఒప్పందం ధర 3,400 డాలర్లు అన్నాడు. అప్పులో కలిపేస్తే నెలకి పెద్దగా తెలియదు అన్నాడు. ఈ రాష్ట్రంలో 2006 జులై నుంచీ అమల్లో ఉన్న ఒక చట్టం వల్ల, అలా కలిపే ప్రతి వస్తువు ధరా విడిగా రాసి, దాంతో నెల వాయిదా ఎంతో, అది లేకుండా ఎంతో రెండూ పక్కపక్కన చూపించాలి. ఆ కాగితం ఇమ్మన్నాను. రెండు అంకెల మధ్య తేడాని వాయిదాల సంఖ్యతో గుణించుకున్నాను. వడ్డీతో కలిపి 4,000 దగ్గర తేలింది. కంపెనీ హామీ మిగిలి ఉన్నన్నాళ్లూ ఆ ఒప్పందాన్ని తర్వాతైనా కొనుక్కోవచ్చని తెలుసు కాబట్టి, వద్దని చెప్పి వచ్చేశాను.

2024 మార్చి నాటికి మీటరు 34,000 దాటింది. ఇక ఐదు వారాలు. అప్పుడు మొదలుపెట్టాను వెతకడం. టీవీలో ప్రకటనలిచ్చే కంపెనీలకీ, ఫోన్లోనే అమ్మే కంపెనీలకీ వరసగా ఫోన్లు చేశాను. మొదటి ఐదు నిమిషాలు తేనె. కారు ఏ సంవత్సరం, ఎన్ని మైళ్లు, పేరేమిటి, “ఎంత మంచి పేరండీ” అంటారు. జిప్ కోడ్ చెప్పగానే గొంతు మారిపోయేది. “సారీ, మేం కాలిఫోర్నియాలో అమ్మం.” నాలుగు చోట్ల ఇదే మాట. ఎందుకని అడిగితే “మీ రాష్ట్రం నియమాలు” అంటారు. ఒకతను నా మీద జాలిపడ్డాడు కూడా: “మీ ప్రభుత్వం మిమ్మల్ని రక్షణ కొనుక్కోనివ్వడం లేదు మేడమ్!”

డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కొడుకుతో ఈ మాట చెబితే నవ్వి, “అంత ఆలోచనెందుకక్కా, మా ఇంటి అడ్రసు ఇచ్చెయ్. నా కార్డుతో కడతాను, నువ్వు నాకు పంపించు” అన్నాడు. వాడి మనసు మంచిదే. కానీ కారు రిజిస్ట్రేషన్ ఇక్కడ, ఇన్సూరెన్సు ఇక్కడ, నడిచే రోడ్లు ఇక్కడివి. ఇలాంటి ఒప్పందాన్ని అమ్మేటప్పుడు ఎవరూ పరీక్షగా చూడరు. డబ్బు అడిగిన రోజున ప్రతి అక్షరం చూస్తారు. అబద్ధపు అడ్రసు వాళ్ల చేతికి మనమే ఇచ్చే కారణం. దానికి తోడు ఇంకో సంగతి కూడా నన్ను ఆపింది. పదమూడేళ్లు ఒక మగవాడి పేరు కింద బతికి, నాలుగేళ్లు కష్టపడి నా పేరు మీద కారు తెచ్చుకుని, మళ్లీ దాని రక్షణ కోసం ఇంకో మగవాడి చిరునామాలో దూరడమా? వద్దులే తమ్ముడూ అన్నాను.

రాష్ట్రం ఎందుకు ఆపుతోందో చూద్దామని చట్టం తీసి చదివాను. ఇక్కడ ఈ ఒప్పందాల వ్యవహారం ఇన్సూరెన్సు శాఖ చూస్తుంది. కార్లు అమ్మే డీలరు కాకుండా వేరే కంపెనీ తన బాధ్యత మీద ఇలాంటి ఒప్పందం అమ్మాలంటే ఆ శాఖ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. తను చేసిన వాగ్దానాలన్నిటికీ వెనక ఒక ఇన్సూరెన్సు పాలసీ ఉందని చూపించాలి. లేదంటే అసలు ఇన్సూరెన్సు పాలసీగానే, లైసెన్సున్న ఏజెంట్ల ద్వారా అమ్మాలి. కొన్న 60 రోజుల్లోపు, ఒక్క మరమ్మతు కూడా అడిగి ఉండకపోతే, రద్దు చేసుకుని మొత్తం డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. కంపెనీ హామీ లేని పాత కారయితే ఆ గడువు 30 రోజులు. ఆ తర్వాత కూడా మిగిలిన కాలానికి లెక్కకట్టి ఇవ్వాలి, రద్దు రుసుము ధరలో పది శాతమో 25 డాలర్లో ఏది తక్కువైతే అంతకు మించకూడదు. ఫ్లోరిడాలో కూడా ఇది ఇన్సూరెన్సు చట్టాల్లోనే ఒక అధ్యాయం. అక్కడ కంపెనీతో పాటు అమ్మే మనిషికీ లైసెన్సు ఉండాలి.

ఇవన్నీ ఊరికే పెట్టుకున్న నియమాలు కావు. మిస్సోరి రాష్ట్రంలో యూఎస్ ఫిడెలిస్ అని, ఒకప్పుడు ఈ ఒప్పందాలు అమ్మడంలో దేశంలోకెల్లా పెద్దదిగా చెప్పుకున్న కంపెనీ ఉండేది. 2010లో దివాళా తీసింది. దాన్ని నడిపిన అన్నదమ్ములిద్దరూ 2012లో నేరం ఒప్పుకుని జైలుకి వెళ్లారు. కారు వారంటీ పేరుతో యంత్రాల చేత ఫోన్లు చేయించిన ఒక ముఠా 2021లో మూడు నెలల్లో 50 కోట్లకు పైగా నంబర్లకి 500 కోట్లకు పైగా కాల్స్ చేసిందని తేల్చి, ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2023 ఆగస్టులో దాదాపు 30 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. 2024 జులైలో కార్‌షీల్డ్ అనే కంపెనీ, ప్రకటనలు జనాన్ని తప్పుదారి పట్టించాయన్న ఆరోపణ మీద, ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి కోటి డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

ఇక్కడ నేను కాసేపు ఆగి ఆలోచించాను. రక్షణ పేరుతో పెట్టే నిషేధాలంటే స్త్రీవాదులకి అనుమానం ఉండాలి, ఉంది కూడా. 1908లో అమెరికా సుప్రీంకోర్టు ముల్లర్ కేసులో ఆడవాళ్ల పనిగంటలకి హద్దు పెట్టడాన్ని సమర్థిస్తూ, ఆడదాని శరీరం బలహీనమనీ, తల్లి కావాల్సిన మనిషనీ కారణాలు చెప్పింది. తర్వాత ఎన్నో ఏళ్లు ఆ వాదనే ఆడవాళ్లని మంచి జీతాలున్న పనుల నుంచి బయట ఉంచడానికి పనికొచ్చింది. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టంలో 66వ సెక్షను ఆడవాళ్లు రాత్రిపూట ఫ్యాక్టరీలో పనిచేయకూడదంది. 2000లో మద్రాసు హైకోర్టు ఆ భాగాన్ని రాజ్యాంగ విరుద్ధమంది. రాత్రి ప్రమాదం కాబట్టి ఆడదాన్ని ఇంట్లో ఉంచడం, ప్రమాదం తెచ్చేవాణ్ణి రోడ్డు మీద వదిలేయడం – ఇదే మనకు బాగా పరిచయమైన రక్షణ.

కానీ కాలిఫోర్నియా నియమం ఆ కోవలోది కాదు. అది నన్ను కొనకూడదనడం లేదు. వెనక ఆధారం లేనివాణ్ణి అమ్మకూడదంటోంది. బంధం నా కాళ్లకి వేయలేదు, అమ్మేవాడి కాళ్లకి వేసింది. ఫోనులో నా మీద జాలిపడ్డ మనిషి తన కాళ్ల బంధాన్ని నా బంధంగా చూపించాడు. స్వేచ్ఛ పేరు చెప్పి ఎవరి స్వేచ్ఛ కోసం మాట్లాడుతున్నారో గమనించుకోవడం మనం ఎన్నో చోట్ల నేర్చుకున్న పాఠమే. రక్షణ చట్టాలన్నిటినీ ఒకే గాటన కట్టకుండా, ఇది ఎవరి కదలికని ఆపుతోంది అని అడిగితే చాలా వాటి రంగు తెలిసిపోతుంది.

అయితే చట్టం చేయని పని ఒకటి మిగిలిపోయింది. డీలరు ఈ ఒప్పందాన్ని ఎంతకి అమ్మాలో అది చెప్పదు. అదే కాగితం, అదే కంపెనీ బాధ్యత, అవే షరతులు. ధర మాత్రం కుర్చీలో కూచున్న మనిషిని బట్టి మారుతుంది. 2017లో నేషనల్ కన్స్యూమర్ లా సెంటర్ ఇలా కారుతో కలిపి అమ్మే వస్తువుల ధరల మీద ఒక నివేదిక తెచ్చింది. ఒకే డీలరు ఒకే వస్తువుని వేర్వేరు మనుషులకి ఎంతెంత తేడాతో అమ్ముతున్నాడో, లాటినో కొనుగోలుదార్ల మీద ఆ భారం ఎలా ఎక్కువ పడుతోందో అందులో చూపించారు. దానికి చాలా ముందే, 1995లో ఇయాన్ ఎయర్స్, పీటర్ సీగెల్మన్ చికాగో ప్రాంతంలో చేసిన పరిశోధన ఉంది. ఒకే రకంగా బేరం చేయమని తర్ఫీదు ఇచ్చి పంపినా, తెల్ల మగవాళ్లకి చెప్పిన ధరకంటే ఆడవాళ్లకీ నల్లవాళ్లకీ కొత్త కారు ధర ఎక్కువ చెప్పారు. ‘మనకి బేరం చేతకాదు’ అని ఆడవాళ్లు తమని తాము తిట్టుకోవడం ఎంత అన్యాయమో ఆ పరిశోధన చూస్తే తెలుస్తుంది.

నాకు బాగా పనికొచ్చింది ఇంకో పరిశోధన. మేఘన్ బస్సే, మరో ఇద్దరు కలిసి 2013లో చేసింది. రేడియేటరు మార్చడానికి ఎంతవుతుందని షెడ్లకి ఫోన్లు చేయించారు. ధర గురించి ఏమీ తెలియనట్టు అడిగితే మగవాళ్లకంటే ఆడవాళ్లకి ఎక్కువ చెప్పారు. ‘ఇంత అవుతుందని విన్నాను’ అని ముందే ఒక అంకె చెబితే ఆ తేడా పోయింది. కొంచెం తగ్గించమని అడిగినప్పుడు ఆడవాళ్లకే ఎక్కువసార్లు తగ్గించారు కూడా. అంటే ఇక్కడ అడ్డం వస్తున్నది మన గొంతు కాదు, మన దగ్గర అంకె లేకపోవడం.

అంకె ఎక్కడ దొరుకుతుంది? మగవాళ్లకి ఆఫీసు కాఫీ దగ్గర, క్రికెట్ ఆడే చోట, బార్బెక్యూ పొయ్యి పక్కన ఈ అంకెలు చేతులు మారుతుంటాయి. మనం కలిసినప్పుడు పిల్లల చదువులూ, పెద్దవాళ్ల ఆరోగ్యాలూ మాట్లాడుకుంటాం గానీ ఎవరు దేనికెంత కట్టారో అడగడం మర్యాద కాదనుకుంటాం. ఆ మర్యాద ఎవరికి లాభమో! మేం ఆరుగురం ఒక ఆదివారం మా ఇంట్లో కూచున్నాం. నలుగురం తెలుగువాళ్లం, ఒకామె పంజాబీ, ఒకామె మెక్సికో నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టిన నా సహోద్యోగి. ఎవరి కాగితాలు వాళ్లని తెమ్మన్నాను. పులిహోర తింటూ ఒక పట్టిక గీశాం: కారు, ఒప్పందం కాలం, మైళ్లు, ప్రతి మరమ్మతుకీ మనం పెట్టుకోవాల్సిన మొత్తం, కట్టిన ధర. నా సహోద్యోగీ, మా తెలుగు స్నేహితురాలి భర్తా ఒకే డీలరు దగ్గర, ఒకే సంవత్సరం, ఒకే ప్లాను తీసుకున్నారు. ఆమె 900 డాలర్లు ఎక్కువ కట్టింది. ఆ కాగితం కేసి ఆమె చాలాసేపు చూసింది. “అతను నాతో స్పానిష్‌లో మాట్లాడాడు, మనవాడే అనుకున్నాను” అంది. మాలో ఎవరికీ కొంతసేపు మాట రాలేదు. మనవాళ్లు అనే మాటతో మోసపోవడం తెలుగువాళ్లకి మాత్రం కొత్తా?

ఆ పట్టిక ముందు పెట్టుకుని, కారు తయారుచేసిన కంపెనీయే బాధ్యత తీసుకునే ఒప్పందం కోసం ఈ రాష్ట్రంలోని ఏడుగురు డీలర్లకి ఫోను చేశాను. ఈ ఒప్పందం కారు కొన్నచోటే కొనాలని లేదు. ఆ కంపెనీ డీలరు ఎవరైనా అమ్మొచ్చు. ప్రతిచోటా ఒకటే మాట: ఫలానా ప్లాను, ఎనిమిదేళ్లు, లక్ష మైళ్లు, వంద డాలర్ల డిడక్టబుల్, 1,600కి దొరుకుతుందని తెలుసు, మీరెంతకిస్తారు, ఈమెయిల్లో పంపండి. ముగ్గురు ‘ఒకసారి షోరూముకి రండి’ అన్నారు. అంటే మళ్లీ ఆ గదిలోకి. ఇద్దరు కుదరదన్నారు. ఒకరు 2,150 అన్నారు. ఏడో చోట ఫోనెత్తిన ఆవిడ రెండు నిమిషాలు టైపు చేసి, 1,690 అని రాసి పంపింది. వడ్డీ లేకుండా పన్నెండు వాయిదాలు. “ముందే అంకె చెప్పారు, నాకు పని తేలికైంది” అంది. 35,200 మైళ్ల దగ్గర సంతకం పెట్టాను.

ఇంత చేసి అది కొనడం తెలివైన పనేనా అని అడిగేవాళ్లున్నారు. మా కాలేజీలో శాశ్వత ఉద్యోగంలో ఉన్న ఒక పెద్దమనిషి “స్టాటిస్టిక్స్ చెప్పేదానివి, నీకు తెలియదా, కంపెనీకి లాభం లేకుండా ఎవడమ్ముతాడు?” అన్నాడు. నిజమే. 2013లో కన్స్యూమర్ రిపోర్ట్స్ సర్వేలో, ఇలాంటి ఒప్పందం కొన్నవాళ్లలో 55 శాతం మంది దాన్ని ఒక్క మరమ్మతుకి కూడా వాడుకోలేదని తేలింది. సగటు లెక్కలో ఇది నష్టపు బేరమే, ఆ డబ్బు బ్యాంకులో వేసుకోవడమే నయం. ఈ పాఠం నేనూ పిల్లలకి చెబుతాను. కానీ సగటు మీద బతికేవాళ్లు వేరు. ఆయనకి గేర్ల పెట్టె పోతే ఐదు వేల డాలర్లు ఒక చికాకు. బ్యాంకులోంచి తీస్తాడు, రెండో కారులో వస్తాడు, రాకపోయినా జీతం వస్తుంది. నాకు అదే ఐదు వేలు దాదాపు రెండు నెలల జీతం. వేసవిలో పాఠాలు ఉండవు, జీతం ఉండదు. వారం రోజులు క్లాసులు ఎగ్గొడితే వచ్చే సెమిస్టరులో నా పేరు జాబితాలో ఉంటుందో లేదో! ప్రమాదం వచ్చే అవకాశం ఇద్దరికీ ఒక్కటే. ప్రమాదం వచ్చాక మిగిలే బతుకు ఒక్కటి కాదు. లేనివాళ్లు భద్రతని ఎక్కువ ధరకి కొనుక్కోవాల్సి రావడం వాళ్ల తెలివితక్కువతనం కాదు, లేకపోవడానికి వాళ్లు కట్టే పన్ను.

అందుకని ఈ కాగితాన్ని నెత్తిన పెట్టుకున్నానని కాదు. నలభై పేజీలు. సంతకానికి ముందు చివరి నుంచి మొదలుపెట్టి చదివాను, ఎందుకంటే ఇవ్వనివన్నీ చివర్లోనే ఉంటాయి. బ్రేకు ప్యాడ్లు, టైర్లు, అరుగుదల ఉన్నవేవీ రావు. యాక్సిడెంటు, వరద దీని కిందికి రావు. నూనె ఎప్పుడు మార్చారో రసీదులు చూపించాలి. ఎక్కడ మార్పించాలన్నది మాత్రం మన ఇష్టం. తమ దగ్గరే చేయించకపోతే కంపెనీ వారంటీ పోతుందని అనడానికి వీల్లేదని 1975 చట్టమే చెబుతోంది. ఇవన్నీ సరే. నన్ను ఆపేసిన వాక్యం వేరే ఉంది: కారుని వ్యాపారానికి వాడితే ఒప్పందం చెల్లదు. మా ఆరుగురిలో ఒకామె, పగలు పాఠాలు చెప్పి, రాత్రి అదే కారులో ఇళ్లకి భోజనాలు చేరవేస్తుంది. ఆమె తీసుకున్న ఒప్పందంలోనూ ఆ వాక్యం ఉంది. అంటే ఎవరి కారు అందరికంటే ఎక్కువ అరిగిపోతోందో, ఎవరు అందరికంటే పేదవాళ్లో, వాళ్ల దగ్గరికి వచ్చేసరికి రక్షణ తలుపు మూసుకుంటుంది. ఆ ఆదివారమే ఆమె చేత రద్దు ఉత్తరం రాయించాం. కొని 47 రోజులే అయింది. 60 రోజుల నియమం ఉంది కాబట్టి మొత్తం డబ్బు వెనక్కి వచ్చింది. అమ్మేవాడి కాళ్లకి వేసిన బంధం పనిచేయడం నేను కళ్లారా చూసింది అప్పుడే.

ఆ నలభై పేజీలు చదువుతుంటే ఒక సంగతి నవ్వు తెప్పించింది. ఇందులో ఏమిస్తారో రాసి ఉంది. ఏమివ్వరో రాసి ఉంది. ఎన్నాళ్లో రాసి ఉంది. నచ్చకపోతే ఎలా బయటికి రావాలో, వచ్చేటప్పుడు నా వాటా ఎంతో రాసి ఉంది. నా పెళ్లిలో ఇచ్చిన రక్షణకి ఇవేవీ ఎవరూ చదివి వినిపించలేదు. మినహాయింపులు ఒక్కొక్కటే అనుభవంలోనే తెలిశాయి. రద్దు రుసుము ఇంకా కడుతూనే ఉన్నాను. రక్షణని ప్రేమగానో ధర్మంగానో ఇస్తున్నాం అన్నప్పుడు షరతులు అడగడం తప్పవుతుంది. బేరంగా ఇచ్చినప్పుడు అడగకపోవడం తప్పవుతుంది. మార్కెట్టు మనకి స్నేహితురాలు కాదు, దాని మీద నాకు భ్రమలు లేవు. కానీ బేరానికి ఉన్నపాటి నిజాయితీ కూడా లేని రక్షణలు మన ఇళ్లలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోవాలి.

ఈ రెండేళ్లలో ఆ ఒప్పందంతో నాకు పని పడలేదు. పడకూడదనే కోరుకుంటాను. పని పడింది పట్టికతోనే. ఆరు వరసలతో మొదలైంది, ఇప్పుడు ముప్పై దాటాయి. పోయిన నెల శాక్రమెంటో నుంచి ఒకమ్మాయి ఫోను చేసింది. భర్త నుంచి వచ్చేసి మూడు నెలలైందట, పాత కారు కొంటోందట. “అక్కా, వారంటీ తీసుకోమంటారా వద్దంటారా?” అని అడిగింది. తీసుకోమని గానీ వద్దని గానీ చెప్పే అధికారం నాకు లేదన్నాను. ఎన్ని మైళ్లు తిరుగుతావు, కారు ఆగిపోతే ఎన్ని రోజులు పని లేకుండా గడుస్తుంది, చేతిలో ఎంత ఉంది అని అడిగాను. లైసెన్సు ఉందో లేదో ఇన్సూరెన్సు శాఖ దగ్గర ఎలా చూసుకోవాలో చెప్పాను. పట్టిక పంపాను. చివరి పేజీల నుంచి చదువు అన్నాను. నువ్వెంత కట్టావో కట్టినాక మాకు రాయి, నీ తర్వాత వచ్చే అమ్మాయికి అది కావాలి అన్నాను.